కాలు పెరగడానికి ఆరు నెలలు.. జీతం ఎన్నాళ్లు వస్తుంది?

ఆటోనగర్‌లో వెల్డర్, స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటర్, రుషికొండలో ఐటీ ఉద్యోగి. ముగ్గురికీ ఒకటే ఆపరేషన్ జరగొచ్చు: పొట్టిబడిన కాలి ఎముకను పొడిగించడం. ఎముక పెరిగే వేగం ముగ్గురికీ దాదాపు ఒకటే. సెలవు, జీతం, తిరిగి డ్యూటీ మాత్రం ఒకేలా ఉండవు. కాలు ఎందుకు దెబ్బతింది, మీరు ఎవరి రోల్స్‌లో ఉన్నారు అన్న రెండు ప్రశ్నలే వాటిని తేలుస్తాయి.

ఎన్నాళ్లు పడుతుంది?

సోవియట్ వైద్యుడు గావ్రిల్ ఇలిజరోవ్ 1950ల్లో కుర్గాన్‌లో రూపొందించిన పద్ధతే నేటికీ ఆధారం. ఎముకను కోసి, కాలి చుట్టూ రింగులు బిగిస్తారు. ఐదారు రోజులు ఆగి, రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున ఎడం పెంచుతూ పోతారు. ఆ ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. 5 సెంటీమీటర్లు పెరగాలంటే 50 రోజులు. అది గట్టిపడటానికి కనీసం అంతకు రెట్టింపు. మొత్తం ఐదారు నెలలు. ప్రమాదంలో ఎముక ముక్క పోయినవారికి, విరిగిన ఎముక అతకనివారికి కూడా ఈ పద్ధతే వాడతారు.

ఈఎస్‌ఐ ఉంటే ఎంత వస్తుంది?

నెల జీతం 21,000 రూపాయల వరకు ఉన్నవారు ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తారు. వీరికి మూడు దారులున్నాయి.

• మామూలు అనారోగ్య సెలవు: జీతంలో 70 శాతం, ఏడాదికి గరిష్ఠంగా 91 రోజులు. అవి అయిపోయేనాటికి రింగులు ఇంకా కాలికే ఉంటాయి.

• దీర్ఘకాలిక జబ్బుల సాయం: 80 శాతం, గరిష్ఠంగా 2 ఏళ్లు. ఇది 34 జబ్బులకే. అతకని, లేదా ఆలస్యంగా అతుకుతున్న ఎముక విరుపు ఆ జాబితాలో ఉంది. రెండేళ్ల సర్వీసు, 156 రోజుల చందా ఉండాలి.

• పనిలో ప్రమాదం: 90 శాతం, పనిచేయలేనన్నాళ్లూ. ఉద్యోగంలో చేరిన తొలి రోజు నుంచే వర్తిస్తుంది. డ్యూటీకి వెళ్తూ, వస్తూ దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో సంబంధం రుజువైతే, ఇందులోకే వస్తుంది.

కాబట్టి ప్రమాదం జరిగిన రోజే దాన్ని రిజిస్టర్‌లో రాయించడం ముఖ్యం. 'ఇంట్లో జారిపడ్డాడు' అని రాస్తే 90 శాతం కాస్తా 70కి పడిపోతుంది.

ఎత్తు కోసం చేయించుకుంటే?

2016లో హైదరాబాద్‌లో ఓ యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఎత్తు పెరగడానికి చేయించుకున్న ఆపరేషన్ పెద్ద వివాదమైంది. ఆరోగ్య బీమా పాలసీలు అందం కోసం చేసే చికిత్సను మినహాయిస్తాయి. ప్రమాదం తర్వాత అవయవాన్ని సరిచేసే చికిత్సకు ఆ మినహాయింపు వర్తించదు. కోరి చేయించుకునేవారు ఆసుపత్రి బిల్లుతో పాటు ఆరు నెలల జీతాన్నీ ఖర్చులోనే లెక్కేసుకోవాలి.

పాత పని ఇస్తారా?

కంప్యూటర్ ముందు పనిచేసేవారు రింగులతోనే, డాక్టర్ ఒప్పుకుంటే, ఇంటి నుంచి పని మొదలుపెట్టొచ్చు. నిచ్చెన ఎక్కే, బరువులు మోసే పనికి అది కుదరదు. దుమ్ము, చెమట మధ్య పిన్నుల దగ్గర చీము పట్టే ప్రమాదం ఉంది. రింగులు తీశాక కూడా కొత్త ఎముక మళ్లీ విరిగే భయం కొన్నాళ్లు ఉంటుంది.

కాలిలో లోపం మిగిలిపోతే 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20(4) అండగా ఉంటుంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి. అదీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి కొనసాగించాలి. స్టీల్ ప్లాంట్, పోర్టు ఈ నిర్వచనంలోకి వస్తాయి.

అయితే ఈ రక్షణ సంస్థ సొంత ఉద్యోగికే. అదే గేటులోంచి లోపలికెళ్లే కాంట్రాక్టు కార్మికుడి యజమాని కాంట్రాక్టరు. అతనికి ఈఎస్‌ఐ డబ్బు రావొచ్చు, కానీ ఆరు నెలల తర్వాత పని ఉంటుందన్న హామీ ఈ సెక్షన్ ఇవ్వదు.

డ్యూటీలో చేరేముందు

ఈఎస్‌ఐ డబ్బు పనికి దూరంగా ఉన్న రోజులకే వస్తుంది. సగం పనికి సగం సాయం ఉండదు. అందుకే ఎక్స్‌రే చూసి డాక్టర్ సరేననే వరకు తొందరపడి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవద్దు. తీసుకునేటప్పుడు ఏ పనులు చేయొచ్చో, ఏవి వద్దో అందులో విడివిడిగా రాయించుకోండి. తేలికపాటి పని అడగడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదే.