ఆడలేక మిస్సైలు ఓడు

బల్ల మీద అంతరిక్ష నౌకల యుద్ధాలు ఆడేవాళ్ళ మధ్య ఓ అరగంట కూర్చోండి. ఈ మాట మీ చెవిన పడకపోతే నన్నడగండి: "ఫుల్ థ్రస్ట్ మంచి ఆటేగానీ ఆ సాల్వో మిస్సైళ్ళే దాన్ని చెడగొట్టాయి. మేం అవి తీసేసి ఆడతాం." చెప్పేవాడు అదేదో ఘనకార్యం అయినట్టు చెప్తాడు. ఇప్పుడు మా వారాంతపు జట్టులోనూ ఇదే తీర్మానం, నెలాఖరుకి ఓటింగట! ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫుల్ థ్రస్ట్ ఇంగ్లండులో గ్రౌండ్ జీరో గేమ్స్ వాళ్ళ ఆట, రాసింది జాన్ టఫ్లీ. రెండో ముద్రణ 1992లో వచ్చింది. గళ్ళు ఉండవు, టేపు పెట్టి కొలుచుకోవడమే. ప్రతివాడూ తన ఓడ ఎంత తిరగాలో, ఎంత వేగం పెంచాలో రహస్యంగా కాగితం మీద రాస్తాడు. తర్వాత అందరివీ ఒకేసారి కదులుతాయి. 1998లో వచ్చిన మొదటి ఫ్లీట్ బుక్ సాల్వో మిస్సైళ్ళని తెచ్చింది. ఆర్డర్లు రాయడం అయ్యాక, ఓడలు కదలకముందు, మిస్సైలు గుర్తుని 24 యూనిట్ల లోపు ఓ చోట పెట్టాలి. శత్రువు ఉన్నచోట కాదండోయ్, ఉండబోయే చోట. కదలికలు అయ్యాక 6 యూనిట్ల లోపు ఓడ ఉంటే, వాటిలో దగ్గరిదాని మీద పడుతుంది. లేకపోతే గోవిందా.

మొదటి ఆరోపణ: ఇది గుడ్డి లాటరీ. రోజంతా ఎక్సెల్ షీట్లతో కుస్తీ పట్టే మనవాళ్ళు ఈ మాట అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. కాస్త లెక్క చూడండి. థ్రస్ట్ 4 ఉన్న ఓడ అందులో సగం, అంటే రెండు, తిరగడానికి వాడొచ్చు. ఒక్కోటి 30 డిగ్రీలు, మొదటి మలుపు బయల్దేరగానే, రెండోది సగం దారిలో. ఆ ఓడ వేగం 6 అనుకోండి. ఎంత తిరిగినా పక్కకి జరిగేది ఐదున్నర దాటదు. స్పీడు పెంచనీ, తగ్గించనీ, అటు తిప్పనీ, ఇటు తిప్పనీ, అది చేరగల చోట్లన్నీ ఒక్క మిస్సైలు వృత్తంలో పట్టేస్తాయి. ముందు 6 యూనిట్ల దగ్గర గుర్తు పెట్టి టీ తాగి రావచ్చు. అదే ఓడ 24 వేగంతో పోతుంటే? పూర్తిగా తిరిగితే అటు 16, ఇటు 16. 12 యూనిట్ల వెడల్పున్న వృత్తం అందులో సగం కూడా కప్పదు. అదే మిస్సైలు, అదే ఓడ. మారిందల్లా వేగం.

అంటే మిస్సైళ్ళ మీద ఏడ్చేవాళ్ళు ఎవరయ్యా అంటే, ఓడని ఎడ్లబండిలా తోలేవాళ్ళు. వాళ్ళకేమో 12 యూనిట్ల దగ్గరికి చేరి, చుట్టూ తిరుగుతూ బీములతో డైసులు విసురుకోవాలి. బీములతో ఉన్న సుఖం అదే, అందరూ కదిలాకే ఎవరిని కొట్టాలో ఎంచుకోవచ్చు. అంచనా తప్పినా ఒకటి రెండు డైసులు తగ్గుతాయి, అంతే. మిస్సైళ్ళు తీసేశాక ఆ కాగితం మీద రహస్యంగా రాసుకునేది ఎందుకు? నోటితో చెప్పేసుకున్నా పెద్ద తేడా రాదు.

ఇంకో తమాషా చూడండి. "లాంగ్ రేంజ్" అంటే 24 అని పుస్తకంలో ఉన్న అంకె పట్టుకు వేలాడతారు. నా వైపు 20 వేగంతో దూసుకొచ్చేవాడి మీద, వాడు 44 దూరంలో ఉండగానే వేయొచ్చు, మిగతా దారి వాడే నడిచొస్తాడు. అదే వేగంతో పారిపోయేవాడైతే 4 యూనిట్లలో ఉంటేనే గుర్తు వాడి ముందు సరిగ్గా పడుతుంది. రేంజి నా లాంచరులో లేదు, వాడి వేగంలో ఉంది. ఈ ముక్క అర్థం కాకుండా మొదటి టర్నులోనే ఉన్నవన్నీ ఒకే చోట గుమ్మరించి, తర్వాత "మిస్సైళ్ళు పనికిరావు" అనేవాడు ఒకడు, అవి తగిలాక "మరీ ఎక్కువ" అనేవాడు ఇంకొకడు. ఇద్దరూ ఒకే జట్టులో ఉంటారు :-)

నన్నడిగితే సాల్వో ఉన్నది దెబ్బ కొట్టడానికి మాత్రమే కాదు, చోటు లాక్కోవడానికి. ఒకటి వాడు తిన్నగా వస్తే తగిలేట్టు, రెండోది వాడు ఇష్టపడే మలుపు మీద. మూడో వైపు తిరిగి తప్పించుకుంటాడా, తప్పించుకోనీ. నా బీములు ఉన్నది అటే. స్టార్ ఫ్లీట్ బాటిల్స్ (1979) ఆడినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. అక్కడ టర్నుని 32 ముక్కలు చేసి, డ్రోన్లు వెంటపడుతూ వస్తాయి. మామూలు డ్రోను తగిలితే 12 దెబ్బ, దాన్ని కూల్చడానికి 4 చాలు. కానీ దాని మీద పేల్చిన ఫేజరు మన మీద పేలదు కదా.

రెండో ఆరోపణలో మాత్రం కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. ఓడలు ఎవరివి వాళ్ళే డిజైన్ చేసుకునే ఆట ఇది. చిన్న ఓడల నిండా ఒక్కసారికే పనికొచ్చే రాక్‌లు కుక్కి, రెండో టర్నులో అన్నీ వదిలే మహానుభావులు ఉంటారు. ఒక సాల్వోలో ఆరు మిస్సైళ్ళు, సగటున మూడున్నర గురి పడతాయి, ఒక్కోటి సగటున మూడున్నర దెబ్బ. అంటే 12 పైమాటే. ఒక పాయింట్ డిఫెన్స్ సగటున 0.8 మిస్సైలుని కూలుస్తుంది. పది సాల్వోలు ఒకేసారి వస్తే రక్షణ సర్వరు కుప్పకూలినట్టు కూలుతుంది. కానీ దీనికీ విరుగుడు ఆటలోనే ఉంది. మిస్సైలు దగ్గరి ఓడ మీద పడుతుంది కాబట్టి, పెద్ద ఓడ ముందు చవక ఎస్కార్టుని నడపండి. అది పోతుంది, పోనివ్వండి. మూడో టర్నుకి ఎదుటివాడి దగ్గర ఖాళీ డబ్బాలు తప్ప ఏమీ మిగలవు. పైగా ఆ కక్కుర్తి సాగేది ఒక్క పూట ఆటలోనే. బతికిన ఓడలే వచ్చేవారం యుద్ధానికి రావాలి అని క్యాంపెయిన్ పెట్టి చూడండి, ఆ మహానుభావులు ఎలా దారికొస్తారో.

కాబట్టి జట్టులో ఎంత మాస్ వరకూ మిస్సైళ్ళు ఉండొచ్చో పరిమితి పెడతామంటే పెట్టండి, నేనే చెయ్యెత్తుతాను. నిషేధమంటే మాత్రం నా ఓటు లేదు. ఓటింగుకి ముందు శనివారం ఒక ఆట ఆడదాం. టేపు నేను తెస్తాను. ఎవరి ఓడా 15 వేగానికి తగ్గకూడదు, అంతే షరతు.