'హావ్' అక్కర్లేని చోటు

ఇంటర్వ్యూకి రెడీ అవుతున్నవాళ్ల సెల్ఫ్ ఇంట్రడక్షన్‌లో నేను ముందు చూసేది ఒకే వాక్యం: 'ఐ హావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2023'. ఇందులో 'హావ్' ఉండకూడదు. తెలుగులో 'డిగ్రీ పూర్తి చేశాను' అంటాం. ఎప్పుడో చెప్పినా, చెప్పకపోయినా క్రియ మారదు. ఇంగ్లిష్‌లో మారుతుంది. నిన్న, పోయినేడాది, 2023లో అంటూ గడిచిపోయిన సమయం చెబితే సింపుల్ పాస్ట్: 'ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2023'. ఎప్పుడన్నది వదిలేసి, డిగ్రీ ఇప్పుడు చేతిలో ఉందన్నదే చెప్పాలంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్: 'ఐ హావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ'. అదే 'ఎప్పట్నుంచి' అని చెప్పాల్సి వస్తే 'హావ్' కావాలి: 'ఐ హావ్ వర్క్‌డ్ హియర్ సిన్స్ 2023'. పన్నెండు టెన్సుల పట్టిక తర్వాత బట్టీ పట్టొచ్చు. ముందు మీ పరిచయంలో సంవత్సరం ఉన్న ప్రతి వాక్యాన్నీ ఇవాళే ఒకసారి సరిచూసుకోండి.