డ్యూటీ చార్టులో ఇంటికి చోటేది?

జగిత్యాల జిల్లా ధర్మపురిలో ఫాల్గుణం వచ్చిందంటే హోంగార్డుల ఇళ్లలో పండుగ ఉండదు. నరసింహస్వామి కల్యాణం, బ్రహ్మపుష్కరిణిలో తెప్పోత్సవం, డోలోత్సవం, ఆపై రథోత్సవం. అంతకుముందు ముక్కోటి ఏకాదశి, వేములవాడలో శివరాత్రి. ఊపిరి పీల్చుకునేలోపు కొండగట్టులో హనుమాన్ జయంతి. ఊరంతా చుట్టాలను పిలుచుకునే రోజున వీళ్లు ఇల్లు విడిచి బారికేడ్ల దగ్గర నిలబడతారు. పోలీసు కొలువంటే అంతే కదా అనొచ్చు. కానీ సర్కారు కాగితాల్లో వీళ్లది కొలువే కాదు, స్వచ్ఛంద సేవ. ఎవరి పని వాళ్లు చేసుకుంటూ, పిలిచినప్పుడు వచ్చి సాయపడి వెళ్లాలన్నది ఆ సేవ లెక్క. పని మాత్రం పూర్తిస్థాయి పోలీసు పని. పార్ట్‌టైం పేరు పెట్టి ఫుల్‌టైం పని చేయించుకోవడం అన్యాయం, దీన్ని ఇక ఎంతమాత్రం సాగనివ్వకూడదు.

హోంగార్డు వ్యవస్థ 1946లో బొంబాయిలో మొదలైంది. మత కల్లోలాల వేళ పోలీసులకు అండగా పౌరులే ముందుకొచ్చారు. 1962 చైనా యుద్ధం తర్వాత కేంద్రం సలహాతో రాష్ట్రాలు దీన్ని బలపరిచాయి. టీచరో, రైతో, దుకాణదారో వారంలో ఒక పూట పరేడ్‌కు వచ్చి, ఆపద వేళ ఖాకీ తొడుక్కోవాలన్నది అప్పటి ఆలోచన. మంచి ఆలోచనే. కానీ ఈ రోజున ఆ హోంగార్డు చౌరస్తాలో ట్రాఫిక్ చూస్తాడు, పెట్రోలింగ్ బండి నడుపుతాడు, రాత్రి ఠాణాకు కాపలా ఉంటాడు, ఎన్నికలొస్తే పోలింగ్ కేంద్రానికి వెళ్తాడు. ఇక సొంత పని ఎక్కడ, వ్యవసాయం ఎక్కడ? అలవెన్స్ మాత్రం నేటికీ డ్యూటీ చేసిన రోజుల లెక్కనే. 2025 జనవరి నుంచి రోజుకు 921 రూపాయలున్నది 1,000 అయింది, పరేడ్ అలవెన్స్ 100 నుంచి 200 అయింది. పెంచినందుకు సంతోషమే. అయితే రోజుకూలీ అన్న లెక్క మారలేదు. పిల్లకు జ్వరమొస్తే డ్యూటీకి పోవాలా, దవాఖానకు పోవాలా అన్న ప్రశ్న వెంట డబ్బు లెక్క కూడా నడుస్తూనే ఉంది.

ఈ బరువు ఆడవాళ్ల మీద రెండింతలు పడుతుంది. గోదావరి ఘాట్ల దగ్గర, బట్టలు మార్చుకునే గదుల దగ్గర, దర్శనం క్యూలలో మహిళా సిబ్బంది లేకుండా ధర్మపురిలో ఏ ఉత్సవమూ గడవదు. తెల్లవారక ముందే స్నానాలు మొదలవుతాయి కాబట్టి ఆమె అంతకన్నా ముందే మెట్ల మీద ఉండాలి. జగిత్యాల జిల్లాలో భర్త దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న ఇళ్లు కొల్లలు. అలాంటి ఇంటి కోడలు హోంగార్డు అయితే పిల్లను అత్త చేతిలో పెట్టి రావాల్సిందే. ఆ అత్త ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే మనవరాలిని కాస్తుంది. ఇక్కడ ఘాట్ మీద ఈమె పరాయి పిల్లలు పాచి మెట్ల మీద జారకుండా చేయి పట్టి దించుతుంటుంది, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చెప్పిస్తుంటుంది. పాలిచ్చే తల్లయితే మధ్యలో ఇంటికి పోయి వచ్చే వీలుండదు. బదులుగా నిలబడే మనిషి లేకుండా ఆమె చోటు వదిలిపోలేదు. ఎప్పుడు వదులుతారంటే, జనం తగ్గినప్పుడు అంటారు. జనం ఎప్పుడు తగ్గుతారో ఆ నరసింహస్వామికే ఎరుక.

ఇలాంటి సిబ్బంది హక్కుల గురించి సుప్రీంకోర్టు ఎప్పుడో మాట్లాడింది. రోజుకూలీ మీద పనిచేసే మహిళలకూ ప్రసూతి ప్రయోజనాలు దక్కాల్సిందేనని ఢిల్లీ నగరపాలక సంస్థ మస్టర్ రోల్ కార్మికుల కేసులో 2000లోనే సుప్రీంకోర్టు తేల్చింది. హోంగార్డులను రెగ్యులరైజ్ చేయాలన్న వాదనను 2015 మార్చిలో అదే కోర్టు ఒప్పుకోలేదు. కానీ వారి నెల మొత్తం అలవెన్స్ పోలీసు సిబ్బంది కనీస వేతనానికి తగ్గకూడదని స్పష్టంగా చెప్పింది. యాభై మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో పార్లమెంటే చట్టం సవరించింది. ఫ్యాక్టరీ యజమానికి ఈ నీతి చెప్పే ప్రభుత్వం, వందలాది మందిని మోహరించే బందోబస్తు దగ్గర ఒక గది, ఒక ఆయా, నాలుగు ఉయ్యాలలు ఎందుకు పెట్టలేదు?

ఇంటి కష్టం ఇంట్లోనే ఉండిపోదని 2024 అక్టోబరులో చూశాం. సిరిసిల్ల, డిచ్‌పల్లి, మంచిర్యాల గుడిపేట స్పెషల్ పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు పిల్లలను చంకనేసుకుని రోడ్డెక్కారు. నెలల తరబడి క్యాంపుల్లో ఉంచితే సంసారం ఎలా సాగుతుందని, పోలీసులందరికీ ఒకే విధానం ఎందుకు లేదని వాళ్లు అడిగారు. జవాబుగా 39 మంది సిబ్బందిని సస్పెండ్ చేశారు, 10 మందిని ఏకంగా సర్వీసు నుంచి తొలగించారు. క్రమశిక్షణ గల బలగంలో ఆందోళనలు కూడదన్న వాదన మాకూ తెలుసు. కానీ మొదట ప్రశ్న అడిగింది భార్యలు. వాళ్లకు ఇవ్వాల్సిన జవాబు ఇంకా బాకీ ఉంది. అంతకు ఏడాది ముందు హైదరాబాద్ గోషామహల్‌లో జీతం సకాలంలో రాలేదన్న వేదనతో ఒక హోంగార్డు ఒంటికి నిప్పంటించుకుని ప్రాణాలు పోగొట్టుకున్నాడు. రెగ్యులర్ కానిస్టేబుళ్ల భార్యలే రోడ్డెక్కే పరిస్థితి ఉంటే, రోజు అలవెన్స్ మీద బతికే ఇల్లు ఎంత అంచున నిలబడి ఉందో అధికారులకు ఇంకొకరు చెప్పాలా?

బందోబస్తు అంటే అత్యవసరం, ముందుగా డ్యూటీ చార్టు వేయలేమని పోలీసు శాఖ చెప్పే మాట పాతదే. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు గేట్లు ఎత్తి గోదావరి ఒక్కసారిగా పొంగితే ఆ మాట ఒప్పుకోవచ్చు. రోడ్డు ప్రమాదం చెప్పి రాదు. కానీ ధర్మపురి బ్రహ్మోత్సవాల తేదీలు ఉగాదికి కొన్న పంచాంగంలోనే ఉంటాయి. ముక్కోటి ఎప్పుడో పల్లెలో ముసలమ్మకు తెలుసు. అంత ముందుగా తెలిసిన పనికి పది రోజుల ముందైనా పేర్లు రాసి ఇవ్వకపోవడం చేతకాక కాదు, అవసరం లేదనుకోవడం వల్ల. పేరు ముందే తెలిస్తే ఆ తల్లి తన అక్కనో చెల్లినో పిలిపించుకుంటుంది. రాత్రి పది గంటలకు ఫోన్ చేసి తెల్లారేసరికి రమ్మంటే ఎవరిని పిలుస్తుంది?

పార్ట్‌టైం పోలీసు పని అసాధ్యమేమీ కాదు. బ్రిటన్‌లో రెగ్యులర్ కానిస్టేబుల్ సైతం పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు గంటలు తగ్గించుకుని పనిచేయడానికి నిబంధనల్లోనే వీలుంది. అక్కడి స్వచ్ఛంద పోలీసులు, అంటే స్పెషల్ కానిస్టేబుళ్లు, నెలకు కనీసం 16 గంటలు ఇస్తే చాలంటారు. గంటలు తక్కువైనా ఆ లెక్క రాతపూర్వకంగా ఉండటంతో ఇంటికి ఎంత, ఠాణాకు ఎంత అన్నది మనిషికి ముందే తెలుస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం ముందు రెండే దారులున్నాయి. హోంగార్డు నిజంగా స్వచ్ఛంద సేవకుడైతే గంటలకు హద్దు పెట్టి, మిగతా సమయం అతనిదేనని ఉత్తర్వు ఇవ్వాలి. నెల పొడవునా పని కావాలంటే జీతంతో కూడిన వారపు సెలవు, ప్రసూతి సెలవు, పిల్లల సంరక్షణ సెలవు, నెల మొదట్లో చేతికందే వేతనం ఇవ్వాలి. అన్ని రోజులూ పని తీసుకుంటున్న వాస్తవాన్ని బట్టి రెండో దారే న్యాయమని మేం భావిస్తున్నాం. డ్యూటీ మీద డ్యూటీ పడితే మరుసటి వారంలోనే బదులు సెలవు ఇవ్వాలి. అది పై అధికారి దయ మీద ఆధారపడకూడదు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 జూలైలో ధర్మపురి దారులన్నీ వాహనాలతో కిలోమీటర్ల కొద్దీ స్తంభించిపోయినప్పుడు ఎండలో, వానలో జనాన్ని నడిపించిన వాళ్లలో హోంగార్డులున్నారు. ఈసారి ఘాట్లకు, రోడ్లకు, విద్యుత్ దీపాలకు నిధుల అంచనాలు తయారయ్యేటప్పుడే సిబ్బంది వంతుల పట్టిక, ఎనిమిది గంటల షిఫ్టు, మహిళా సిబ్బందికి మరుగుదొడ్లు, పాలిచ్చే గది, ఘాట్‌కు దగ్గరలో పిల్లల కేంద్రం కూడా ఆ లెక్కల్లో చేరాలి. జగిత్యాల కలెక్టర్, ఎస్పీ కలిసి కూర్చుంటే వీటిలో చాలా వాటికి హైదరాబాద్ అనుమతి కోసం ఎదురుచూడనక్కర లేదు. సెలవుల ఉత్తర్వు మాత్రం హోం శాఖ నుంచే రావాలి. పుష్కర స్నానాలు మొదలయ్యేలోపే అది రావాలి.