గేరి గొంతు – 17: ఊరు చూపిస్తారంట, గేరి తప్ప

మూడు వారాల కింద బెంగళూరు నుంచి ఒక కుర్రోడు నన్ను వెతుక్కుంటూ కాలేజీకి వచ్చాడు. మంచి పిల్లోడే. ల్యాప్‌టాప్ తెరిచి మ్యాపు చూపించాడు. ‘రామగిరి విలేజ్ ట్రెక్’ అంట. రెండు పగళ్లు, ఒక రాత్రి. తెల్లవారుజామున గాలిమరల కొండ మీద సూర్యోదయం, దిగొచ్చేటప్పుడు పాత బంగారు గనులు, మధ్యాహ్నం ఊళ్లో రాగి ముద్ద, ఊరిబిండి, సాయంత్రం ఎద్దుల బండి, రాత్రి నెగడు చుట్టూ తప్పెట. హిమాలయాల దిగువ పల్లెల్లో ఇలాంటి నడకలు బాగా నడుస్తున్నాయి సార్, మన సీమలో ఎవరూ చెయ్యలేదు, మీరు తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ కాబట్టి నడిచేవాళ్లకి ‘ఊరి కథ’ రెండు పేజీలు రాసివ్వండి అన్నాడు.

మ్యాపులో నడక దారి పచ్చగీతతో ఉంది. అది మా ఊరే. రామగిరి మండలంలో ఏ ఊరైనా ఇట్లనే ఉంటుంది కాబట్టి పేరు చెప్పను. గీత బస్సు దిగే కాడ మొదలైంది. పెద్దోళ్ల వీధి, ఆంజనేయస్వామి గుడి, రచ్చకట్ట దాటింది. చింతమాను దాకా వచ్చింది. అక్కడి నుంచి మా గేరికి యాభై అడుగులు. గీత అక్కడ టక్కున పక్కకి తిరిగి చెనిక్కాయ చేలల్లోకి పోయింది.

ఇక్కడెందుకు తిరిగింది అన్నాను.

“లోకల్‌గా మాట్లాడాం సార్. వాళ్లు చెప్పిన రూటు ఇది. ఆ పక్క చూసేదానికి ఏమీ లేదన్నారు.”

మరి రాత్రి తప్పెట కొట్టేది ఎవరు?

కుర్రోడు ఫోన్ తీసి పేర్లు చదివాడు. ఐదు పేర్లు. ఐదూ మా గేరివే. అందులో ఒకడు మా పిన్నమ్మ కొడుకు.

అంటే తప్పెట గీత దగ్గరికి నడిచి రావాలి. గీత మాత్రం తప్పెట దగ్గరికి రాదు.

ఇక్కడే ఒకటి ఒప్పుకోవాలి. కూర్చున్న చోటి నుంచి తిడుతున్నాను అనుకోకండి. రెండేళ్ల కింద వేసవి సెలవుల్లో నేనూ పోయొచ్చాను. కాఠ్‌గోదాం దాకా రైలు, అక్కడి నుంచి జీపు, తర్వాత మూడు రోజులు కుమావూఁ పల్లెల్లో నడక. అబద్ధం చెప్పను, బాగుంది. మెట్లు మెట్లుగా చెక్కిన పొలాలు, పలకరాళ్ల ఇంటికప్పులు, చెట్టు కిందే కోసుకు తిన్న ఎర్రటి కాఫల్ పండ్లు. అనంతపురం ఎండలో ఎండినోడికి ఆ చల్లగాలి చాలు, సగం సిద్ధాంతాలు మర్చిపోతాడు.

ఒక పాత ఇంటి ముందు గైడు ఆగాడు. దేవదారు ద్వారబంధం మీద చెక్కడం చూపించి ‘పహాడీ సంస్కృతి’ అన్నాడు. మా వాళ్లంతా ఫోటోలు తీశారు. దీన్ని చెక్కినోళ్లు ఎవరు అని అడిగాను. శిల్పకార్లు అన్నాడు. వాళ్లు ఎక్కడుంటారు? చెయ్యి కిందికి చూపించాడు. మా దగ్గర గేరి ఊరికి పక్కన ఉంటుంది, అక్కడ వాలు కింద ఉంది. రాయి తొలిచేవాళ్లు, రాగి కొట్టేవాళ్లు, ఇనుము సాగదీసేవాళ్లు, పెండ్లిళ్లలో డోలు కొట్టేవాళ్లు, అందరూ శిల్పకార్లే, అందరూ షెడ్యూల్డ్ కులాలే. 2011 జనాభా లెక్కల్లో ఉత్తరాఖండ్ జనంలో దాదాపు 19 శాతం షెడ్యూల్డ్ కులాల వాళ్లు. మూడు రోజుల నడకలో మా గుంపు వాళ్లలో ఒక్క ఇంటి గడప కూడా తొక్కలేదు.

ఇక తిండి సంగతి. మొదటి రాత్రి హోమ్‌స్టే ఆవిడ ఆధార్ కార్డు చూసి, “పూరా నామ్?” అనింది. మన తెలుగోళ్ల ఇంటిపేర్లు అక్కడ ఎవరికీ అర్థం కావు. ఆమె కొంచెంసేపు చూసి కార్డు తిరిగిచ్చేసింది. ఆ మూడు రోజులు నేను కులం లేనోణ్ణి. వంటింట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టి రొట్టె మీద నెయ్యి వేసింది. ఎంత ప్రేమగల మనిషి! నేను మాత్రం ప్రతి ముద్దా దొంగతనం చేసినట్టు తిన్నాను. ఎందుకంటే అదే కుమావూఁలో, చంపావత్ జిల్లా సూఖీఢాంగ్ ప్రభుత్వ పాఠశాలలో, 2021 డిసెంబరులో దళిత వంటమనిషి వండిందని అగ్రకుల పిల్లలు మధ్యాహ్న భోజనం మానేశారు. పిల్లల్ని మందలించాల్సింది పోయి ముందు ఆమెనే పనిలోంచి తీసేశారు. గొడవ దేశమంతా పాకాక మళ్లీ తీసుకున్నారు. రెండేళ్లు వెనక్కి పోతే 2019, తెహ్రీ జిల్లా. పెండ్లి భోజనంలో తమ ఎదుట కుర్చీ వేసుకుని తిన్నాడని 23 ఏళ్ల దళిత యువకుణ్ణి కొట్టారు. తొమ్మిది పది రోజులకి చనిపోయాడు. కుర్చీ! ఈ సంగతులు ఏ ట్రెక్కు కంపెనీ బ్రోషరులోనూ ఉండవు. ‘కల్మషం లేని పల్లె జీవితం’ అని ఉంటుంది.

రెండో రోజు గైడు మంచి కథ ఒకటి చెప్పాడు. నిజమైన కథే. తెల్లదొరలు కొండల్లోకి వస్తే సామాన్లు ఊరి జనమే ఉత్తినే మోయాలి. దాని పేరు కూలీ బేగార్. ఏ ఊరు ఎందర్ని పంపాలో రిజిస్టర్లు ఉండేవి. 1921 జనవరిలో బాగేశ్వర్ ఉత్తరాయణి జాతరలో జనం ఆ రిజిస్టర్లు తెచ్చి సరయూ నదిలో విసిరేశారు. వెట్టి పోయింది. వింటుంటే ఒళ్లు పులకరించింది. మన మధ్య ట్రెక్కులు చేసేవాళ్లు ముందు ఈ కథ తెలుసుకోవాలి, వాళ్ల బ్యాగు మోసే నేపాలీ పిల్లోడికి ఎంత ముడుతుందో కూడా అడగాలి.

కానీ నడుస్తూ నడుస్తూ నాకొకటి అడ్డం పడింది. దొర వెట్టికి రిజిస్టరు ఉంది కాబట్టి నదిలో వెయ్యగలిగారు. ఊరు మాదిగతో, శిల్పకారుతో చేయించుకున్న వెట్టికి రిజిస్టరే లేదు. ఏం విసరాలి నదిలో? బాగేశ్వర్ తర్వాత సుమారు 60 ఏళ్లకి, 1980 మేలో, అల్మోడా జిల్లా కఫల్టా ఊరిలో ఒక దళిత పెండ్లికొడుకు పల్లకీ దిగలేదని గొడవ పెట్టుకుని, ఆ పెండ్లి గుంపులో 14 మందిని చంపేశారు. కొందర్ని ఇంట్లో పెట్టి తగలబెట్టారు. ఐదేళ్లకి మన కారంచేడు. కొండైనా కోస్తా అయినా ఊరు ఊరే. కఫల్టా ఏ నడకదారి మ్యాపులోనూ ‘చూడదగిన చోటు’ కాదు.

అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఊరి గురించి అన్నమాట చాలామందికి ఇప్పటికీ మింగుడుపడదు. ఊరంటే సంకుచితత్వపు గుంట అన్నాడాయన, దాన్ని ఆకాశానికెత్తేవాళ్లని చూసి ఆశ్చర్యపోయాడు. ఆ ఎత్తేవాళ్లు ఇప్పుడు రాత్రికి ఇంత అని రేటు కడుతున్నారు. అంతే తేడా.

తెలుగు సాహిత్యంలో పల్లె పాటలు చదివి పీహెచ్‌డీ చేసినోణ్ణి. మన పల్లె కవిత్వంలో చాలాభాగం కూడా చింతమాను కాడే పక్కకి తిరుగుతుంది. క్లాసులో మేఘసందేశం ప్రస్తావన వచ్చినప్పుడల్లా పిల్లలు నవ్వుతారు, సార్, ఆ రామగిరి మనదేనా అని. కాదప్పా, అది నాగపూర్ దగ్గర రామ్‌టేక్ అంటారు, మన రామగిరి మీద మేఘం ఆగితే కదా కబురు చెప్పేది అంటాను. కాళిదాసు యక్షుడు మేఘాన్ని హిమాలయాలకి పంపాడు. జాషువా 1941లో గబ్బిలాన్ని పంపాడు. శివుడికి కబురు చెప్పడానికి అంత వికారమైన పిట్ట ఎందుకు? దానికి గుళ్లోకి ప్రవేశం ఉంది, చెప్పుకునే అరుంధతీ సుతుడికి లేదు. హిమాలయ యాత్రల మీద మన భాషలో ఎన్ని పుస్తకాలున్నా, దారి ఎవరికి తెరుచుకుంటుందో చెప్పిన యాత్ర నాకు తెలిసి అదే.

అట్లని నడకలే వద్దంటానా? అననే అనను. 2021లో భూదాన్ పోచంపల్లికి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామం అని గుర్తింపు ఇచ్చింది. అందరూ ఇక్కత్ చీరలు కొనుక్కొస్తారు. ఆ ఊరి పేరు ముందు ‘భూదాన్’ ఎట్లా వచ్చింది? 1951 ఏప్రిల్ 18న నడుచుకుంటూ వచ్చిన వినోబా, దళితవాడలోకి పోయి మీకేం కావాలి అని అడిగాడు. 80 ఎకరాల భూమి అన్నారు వాళ్లు. సాయంత్రం వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానం మీద నాకు వంద పేచీలున్నాయి, రాళ్ల భూములు దానం చేసి పుణ్యం మూటగట్టుకున్న దొరల లెక్క ఇంకోసారి రాస్తాను. కానీ నడిచొచ్చినవాడు వాడలోకి పోయాడు. అడిగాడు. ఆ ఊరికి ఆ పేరు వాడ అడిగినదాని వల్లే వచ్చింది.

మళ్లీ మా ఊరికి వస్తా. ఆ కుర్రోడి మ్యాపు సంగతి నాయనకి చెప్పాను. భారత్ గోల్డ్ మైన్స్ వాళ్లు 2001లో మూసేదాకా నాయన రామగిరి గనుల్లో పనిచేసినోడు. ఆయన నవ్వాడు. “ఆడేముంది రా చూసేకి? బొక్క. అందులోకి దిగినోళ్లని చూపించమను.”

కానీ రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. ఈ ఫోను గురించి రాయకుండా పోస్టు ముగిస్తే నేను దొంగనే.

“అన్నా, రాసియ్యనంటివంట?”

ఇంకా ఏమీ అనలేదప్పా, గీత గేరిలోకి రాలేదు, అదీ మాట.

“గీత గిట్ల నాకు తెల్దు. పెండ్లిలో కొట్టినా మేమే, సావుకి కొట్టినా మేమే. సావుకి కొడితే ఏమిస్తారో నీకు తెల్దా? వీళ్లు ముందే ఫోన్‌పే చేస్తామన్నారు. నెలకి నాలుగు తూర్లొస్తే బండి కంతు తీరుతుంది. నువ్వు నెల జీతం మనిషివి. నీకు మర్యాద కావాల. మాకు దుడ్లు కావాల.”

నా దగ్గర జవాబు లేదు. వాడు చెప్పింది అబద్ధం కాదు. తప్పెట వదిలెయ్యండి, అది బానిసత్వపు గుర్తు అని మన సభల్లో నేనే మాట్లాడాను. తప్పెట మా ఆయుధం అని ఇంకో సభలోనూ నేనే మాట్లాడాను. వాడికి రెండు సభలూ గుర్తున్నాయి. ఒక్కటడిగాను, తప్పెట కొట్టినాక మీకు తిండి ఎక్కడ పెడతారంట?

కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. “పార్సిల్ కట్టిస్తారంట” అన్నాడు.

మరుసటి రోజు కుర్రోడికి రాసి పంపాను. రెండు పేజీలు కాదు, నాలుగు రాసిస్తాను, ఉత్తినే రాసిస్తాను. పచ్చగీత చింతమాను కాడ తిరగకుండా గేరిలోంచి పోవాల. మధ్యాహ్నం ముద్ద పెద్దోళ్ల వీధిలో తింటే రాత్రి అన్నం మా పిన్నమ్మ ఇంట్లో తినాల, ఆమె ఊరిబిండి రోట్లో నూరుతుంది, మిక్సీ కాదు. తప్పెట కొట్టినోళ్లు, చూసినోళ్లు ఒకటే బంతిలో కూర్చోవాల. దారి చూపించేదానికి గేరి పిల్లోళ్లని ఇద్దర్ని పెట్టుకోండి, ఆ కొండ మీద గొర్రెలు కాసినోళ్లు వాళ్లే. నేను రాసే కథలో టీ అంగట్లో విడిగా పెట్టిన గ్లాసు గురించి కూడా ఉంటుంది, దాన్ని కొట్టెయ్యకూడదు.

జవాబు వెంటనే వచ్చింది. “ఫీడ్‌బ్యాక్‌కి థ్యాంక్స్ సార్. టీమ్‌తో డిస్కస్ చేస్తాను.” రెండు రోజులకి ఊరి నుంచి కబురు. గేరిలో తింటే మా ఇంట్లో దిగొద్దు, బండి ఇయ్యం, ఎద్దులియ్యం అని ‘లోకల్‌గా మాట్లాడిన’ పెద్దమనిషి అన్నాడంట. చూసేదానికి ఏమీ లేదన్నది ఆ మనిషే.

అప్పటి నుంచి కుర్రోడు పలకలేదు. తమ్ముడు మాత్రం ప్రతి శనివారం సాయంత్రం ఫోన్ చేస్తాడు.

“వచ్చిందా అన్నా మెసేజి?”