నిమ్మతోటకీ హెచ్చరిక కావాలి

1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమని ముంచేసింది. వేలమంది పోయారు. ఆ దెబ్బ తర్వాతే మన తీరంలో తుఫాను షెల్టర్లు, ముందస్తు హెచ్చరికలు గట్టిపడ్డాయి. ఇవాళ అల్పపీడనం అంటే చాలు, పాలకాయతిప్పలో ఫోన్లు మోగుతాయి. కానీ అదే గాలివాన మోసుకెళ్లే ఇంకో ప్రమాదం గురించి మనకి ఏ మెసేజూ రాదు.

అది నిమ్మ గజ్జి తెగులు. క్సాంథోమోనాస్ అనే బాక్టీరియా పని. ఆకులు, కొమ్మలు, కాయల మీద గరుకు మచ్చలు వస్తాయి. లోపల రసం బాగానే ఉన్నా కాయకి రేటు పడిపోతుంది. తెనాలి, ఏలూరు, గూడూరు రైతులకి ఇది కొత్తేం కాదు. మచ్చలున్న కొమ్మలు కత్తిరించి కాల్చేయడం, కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టడం వాళ్లకి తెలుసు.

కానీ ఒక్కరు చేస్తే సరిపోదు. పక్క తోటలో మచ్చలుంటే వానజల్లు గట్టు దాటించేస్తుంది. నర్సరీ మొక్కతో అయితే జిల్లాలే దాటుతుంది. మన భాషలో చెప్పాలంటే, ల్యాబ్‌లో ఒక సిస్టమ్ క్లీన్ చేసి మళ్లీ అదే పెన్‌డ్రైవ్ గుచ్చినట్టు.

ఈ-పంటలో ఇప్పటికే సర్వే నంబర్ల వారీగా పంట నమోదవుతోంది. దానికి తెగులు సమాచారం కలిపి, చుట్టుపక్కల తోటలకి మెసేజ్ పంపొచ్చు. కోడ్ రాయడం కష్టం కాదు. రైతు ఎందుకు చెప్తారన్నదే అసలు ప్రశ్న. చెప్తే రేటు తగ్గుతుందని భయం, చెట్లు కొట్టేయమంటారని భయం.

ఆ భయం ఊరికే పుట్టలేదు. ఫ్లోరిడాలో గజ్జి సోకిన చెట్టు చుట్టూ 1,900 అడుగుల లోపు నిమ్మజాతి చెట్లన్నీ నరకాలని రూల్ పెట్టారు. జనం కోర్టులకెక్కారు. ఈలోపు 2004, 2005 హరికేన్లు బాక్టీరియాని ఎక్కడెక్కడికో చిమ్మేశాయి. 2006లో ఆ నరుకుడు ఆపేశారు.

అందుకే నా అభిప్రాయం: మెసేజ్‌లో రైతు పేరు ఉండకూడదు, ఊరి పేరు చాలు. తనిఖీ నర్సరీల దగ్గర మొదలవ్వాలి. మొక్కలు తీసేయమంటే పరిహారం ముందే చేతికివ్వాలి. ఊరి పేరు బయటపడినా వ్యాపారులు రేటు కోసేస్తారని కొందరంటారు. నిజమే, కానీ మచ్చ కాయ మీదే కనబడుతుంది, వ్యాపారి దగ్గర దాగదు. దాచడం వల్ల నష్టపోయేది పక్క రైతే.

ఫ్రెండ్స్, మినీ ప్రాజెక్ట్ కింద ఇంకో అటెండెన్స్ యాప్ కట్టే ముందు ఒక నిమ్మ రైతుతో మాట్లాడండి. ఏం చెప్పడానికి భయపడుతున్నారో అడగండి. డిజైన్ అక్కడే మొదలవ్వాలి.