గేలి చేసే నాటకానికి పిల్లలను పంపవచ్చునా?



మా సంఘములోని ఒక పెద్దతల్లి ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత కన్నీళ్ళతో మా యొద్దకు వచ్చింది. ఆమె కుమార్తె, అల్లుడు అమెరికాలో న్యూజెర్సీలో ఉంటున్నారు. మనుమడికి 15 ఏండ్లు. స్నేహితుని పుట్టినరోజుకు పిల్లలందరూ కలిసి న్యూయార్కులో ఒక సంగీత నాటకానికి వెళ్ళాలనుకున్నారు. దాని పేరు వినగానే తండ్రి "అది దేవదూషణ, వద్దు" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. ఆ దినము మొదలుకొని అబ్బాయి కుటుంబ ప్రార్థనలో కూర్చోవడం మానేశాడు. "అయ్యగారూ, నాటకం సంగతి అటుంచండి. బిడ్డ ప్రార్థన మానేశాడు. మీరొక్కసారి ఫోనులో మాట్లాడండి" అని ఆమె వేడుకొన్నది.

మాట్లాడాము. అబ్బాయి మర్యాదగానే అడిగాడు: "పాస్టరుగారూ, నాన్న చూడకుండానే పాపం అంటున్నారు. మీరు చూశారా?" చూడలేదని ఒప్పుకొనవలసి వచ్చింది. "వారం రోజులు గడువివ్వు బాబూ, తెలుసుకొని మాట్లాడతాము" అన్నాము. అలా తెలుసుకొన్న సంగతులే ఇక్కడ వ్రాస్తున్నాము. మన పల్లెలకు ఆ నాటకము రాకపోవచ్చును గాని, భక్తిని గేలి చేసే పాటలు, ముక్కలు మన పిల్లల ఫోన్లలోనికి కూడ వస్తూనే ఉన్నవి.

ఆ నాటకము పేరు 'ద బుక్ ఆఫ్ మోర్మన్'. 2011 మార్చిలో బ్రాడ్‌వేలో మొదలైంది. ఆ ఏడే ఉత్తమ సంగీత నాటకముతో సహా 9 టోనీ బహుమతులు పొందింది. మోర్మనులనగా 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన సంఘమువారు. బైబిలుతో పాటు మోర్మన్ గ్రంథమును కూడ లేఖనముగా ఎంచుతారు గనుక మన బోధకును వారి బోధకును పెద్ద తేడా ఉన్నది. ఇద్దరు యౌవన మిషనరీలు ఉగాండాకు వెళ్ళి, అక్కడి పేదరికము, రోగము, హింస చూచి, తాము నేర్చుకొన్న మాటలు అక్కరకు రాక తికమకపడుట ఇందులోని కథ. పాటలు చక్కగా కట్టినవే. కాని బూతులు విస్తారము. ఒక పాటలో దేవుని మీదనే దుర్భాషలున్నవి. బూతుమాటలున్నవని ప్రదర్శించువారే ముందుగా హెచ్చరిస్తారు. ఆఫ్రికావారిని చూపిన తీరు సరికాదని నల్లజాతి నటులే అభ్యంతరము తెలుపగా, 2021లో తిరిగి ఆడించుటకు ముందు కొన్ని భాగములు సవరించారు.

అయితే నవ్వు పాపమా? కానే కాదు. ఇస్సాకు అను పేరునకు నవ్వు అనియే అర్థము. కంటిలో దూలము పెట్టుకొని పొరుగువాని కంటిలోని నలుసును వెదకేవానిని, దోమను వడియగట్టి ఒంటెను మ్రింగేవానిని గూర్చి మన ప్రభువు చెప్పినప్పుడు విన్నవారు నవ్వకుండ ఉండియుందురా? మన క్రిస్మస్ నాటికలో హేరోదు మీసము ఊడిపోతే సంఘమంతా పగలబడి నవ్వుతుంది, మేమును నవ్వుతాము. వేషధారణను చూచి నవ్వుట వేరు, పరిశుద్ధమైన దానిని బురదలోనికి లాగి నవ్వుట వేరు. ఎఫెసీ 5:4లో పౌలు వద్దన్నది ఈ రెండవదానినే.

గేలికి మనము బెదరనక్కరలేదు కూడ. రోములో పాలటైన్ కొండమీద 1857లో ఒక పాత గోడగీత బయటపడింది. సిలువమీద గాడిద తల గల మనిషి, ఎదుట చేయెత్తిన ఒక యువకుడు. అలెక్సమెనోసు తన దేవుని పూజించుచున్నాడని క్రింద గ్రీకు వ్రాత. ఆనాటి క్రైస్తవుని తోటివారు అలా వెక్కిరించారు. వెక్కిరించినవారి పేరు ఎవరికిని తెలియదు. వెక్కిరింపబడిన వాని పేరు నిలిచింది. పెంతెకొస్తు దినమున శిష్యులు త్రాగియున్నారని కొందరు నవ్వితే, పేతురు కేకలు వేయలేదు. ఇంకా ప్రొద్దున తొమ్మిదే గదా అని చెప్పి, సువార్త మొదలుపెట్టాడు. మోర్మను సంఘమువారు కూడ నాటకమును ఆపుమని వీధికెక్కలేదు. నాటకము చూచారు గదా, ఇక గ్రంథము చదవండి అను భావముతో, ప్రేక్షకులకిచ్చు ఆ నాటకపు పుస్తకములోనే ప్రకటనలు వేయించారు. వారి బోధ మనది కాదు. ఆ ఓర్పును మాత్రము మనము నేర్చుకొనవచ్చును.

ఇక్కడ మనకొక శోధన ఉన్నది. "వాళ్ళు మనవాళ్ళు కారు గదా, నవ్వితే తప్పేమి?" అనిపిస్తుంది. మన కూటములలో ఇతరుల నమ్మకాలను ఎగతాళి చేసి చప్పట్లు కొట్టించుకొన్న ప్రసంగాలు లేవా? మా నోట కూడ ఒకప్పుడు అట్టి మాటలు వచ్చినవి. ప్రభువు క్షమించును గాక. ఇతరులు మనకేమి చేయవలెనని కోరుదుమో అదే వారికి చేయుమన్న ఆజ్ఞ (మత్తయి 7:12) ఇక్కడ కూడ వర్తిస్తుంది.

వారము తరువాత ఈ సంగతులన్నియు అబ్బాయికి చెప్పి, "పాపమని బెదిరించుట లేదు బాబూ. నీకు తెలిసినవారిలో అలాంటి మిషనరీ ఎవరైన ఉన్నారా?" అని అడిగాము. కొంతసేపు మాట లేదు. తరువాత మెల్లగా, "మా క్లాసులో ఒక మోర్మన్ అబ్బాయి ఉన్నాడు. వాళ్ళన్న మొన్ననే రెండేండ్ల మిషనుకు వెళ్ళాడు. తనను పుట్టినరోజుకు ఎవరూ పిలవలేదు" అన్నాడు. మేము వేరే ప్రసంగమేమియు చేయలేదు.

తల్లిదండ్రులారా, మా సలహా ఇది. 15 ఏండ్ల బిడ్డకు ఇట్టి నాటకము వద్దని చెప్పవచ్చును, చెప్పవలెను. కాని వద్దన్నవాడు కారణము చెప్పుటకు బద్ధుడు. బిడ్డలకు కోపము రేపవద్దని తండ్రులకిచ్చిన ఆజ్ఞ (ఎఫెసీ 6:4) ఇంకను కొట్టివేయబడలేదు. ముందు మీరు తెలుసుకొనుడి. తరువాత బిడ్డ ప్రశ్నను చివరివరకు వినుడి. ఎదిగిన బిడ్డ చూచియే వస్తే, తలుపు మూయవద్దు. ప్రక్కన కూర్చుండబెట్టి, ఏది నవ్వించింది, ఏది నొప్పించింది అని అడుగుడి. ప్రశ్న అడిగే బిడ్డ ఇంకను ఇంటిలోనే ఉన్నాడు. అడుగుట మానినప్పుడే భయపడవలెను.

తండ్రి, కారణము చెప్పకుండ కసరినందుకు కొడుకు ఎదుట తప్పు ఒప్పుకొన్నాడట. అబ్బాయి నాటకానికి వెళ్ళలేదు. "పద్దెనిమిది నిండాక చూస్తానేమో" అన్నాడని చెప్పి అమ్మమ్మ మళ్ళీ కన్నీళ్ళు పెట్టుకొన్నది. "ప్రార్థనకు కూర్చుంటున్నాడా అమ్మా?" అని అడిగాము. కూర్చుంటున్నాడన్నది. "అయితే మూడేండ్లు సమయమున్నది, దేవుడును ఉన్నాడు" అన్నాము.

మన బిడ్డల నవ్వును, వారి ప్రశ్నలను ప్రభువు తన చేతిలో కాపాడును గాక. ఆమేన్.