నేల విడిచి సాము

మన యూరిలో బావి త్రవ్వింపదలచినవాడు మొదట ఇరుగుపొరుగువారి బావుల లోతు అడిగి తెలిసికొనును. స్వర్ణముఖి యొడ్డున త్రవ్వినచో ఇసుకయు, ఆ వెంటనే నీరును తగులును. కన్నప్ప కొండ దాపున త్రవ్వినచో గునపమునకు రాయి తగులును. ఈ రెండు తావులకు నడుమ దూరము కొద్దిపాటి నడక మాత్రమే. ఇంత చిన్న పట్టణముననే నేల ఇట్లు మారుచుండగా, మహానగరమున ఒక కొననుండి మఱియొక కొన వఱకు ముప్పది నలువది కిలోమీటర్లు సాగు మెట్రో రైలు మార్గము క్రింద అది ఎన్ని విధముల మారునో చదువరులే యూహింపగలరు. అయినను మెట్రో మాట పుట్టినపుడెల్ల జనులు స్టేషను ఎచ్చట వచ్చును, టికెట్టు ఎంత, బండి ఎన్నడు నడచును అని అడుగుదురే కాని, నేలను ఎవరు చూచిరి, ఎన్ని చోట్ల చూచిరి, ఎంత లోతున చూచిరి అని అడుగువారు మిక్కిలి యరుదు. ఇది అన్నిటికంటె ముందు అడుగవలసిన ప్రశ్న యనియు, దాని యుత్తరము అందఱికిని తెలియవలె ననియు నా యభిప్రాయము.

మార్గమును గీయుటకు పూర్వము చేయవలసిన పరీక్షలు పెక్కు గలవు. ప్రయాణికుల లెక్క, వీధుల వెడల్పు, నేల ఎత్తుపల్లముల కొలతలు మొదలగునవి మనకు కొంత పరిచితములే. 1802లో లాంబ్‌టన్ దొర చెన్నపట్నము చెంత సెయింట్ థామస్ కొండ దగ్గర ఆధారరేఖ కొలిచి భారతదేశపు మహా సర్వేకు నాంది పలికినాడని విద్యార్థులు చదివియుందురు. నేడు గొలుసులకు బదులుగా కాంతికిరణములతోను, ఆకాశమున నెగురు డ్రోనులతోను కొలుచుచున్నారు. అయినను నేలమీది కొలత ఎంత సూక్ష్మమైనను నేలక్రింద నున్నదానిని చెప్పజాలదు. దానికై బోరు వేసి చూడవలసినదే.

ఆ పరీక్ష చూడ ముచ్చటగా నుండును. రంధ్రము అడుగున ఒక ఉక్కు గొట్టమును నిలిపి, 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తునుండి దానిపై మరల మరల పడవేయుదురు. గొట్టము 45 సెంటీమీటర్లు దిగువఱకు కొట్టి, అందు చివరి 30 సెంటీమీటర్లు దిగుటకు ఎన్ని దెబ్బలు పట్టెనో లెక్కింతురు. బురద నేలయైనచో రెండు మూడు దెబ్బలకే దిగును. గట్టి నేలయైనచో ఏబది దెబ్బలకును కదలకుండును. అంకెలు వచ్చిన పిల్లవాడెవడైనను ఈ లెక్క వ్రాయవచ్చును. స్తంభము ఎంత లోతున నిలుపవలెను, సొరంగము ఏ పొరలో పోవలెను అను పెద్ద పెద్ద నిర్ణయములన్నియు చివరకు ఈ దెబ్బల లెక్కమీదను, పైకి తీసిన మట్టి రాతి ముక్కల మీదను, బోరులో నీటిమట్టము ఏ ఋతువున ఎంతయుండెనను దానిమీదను ఆధారపడియున్నవి. ఎండకాలమున ఒక్కసారి మట్టము చూచి వ్రాసికొని పోవువానిని నేను సర్వేయరని పిలువను.

హైదరాబాదు మెట్రో 2017 నవంబరు 29 నుండి ప్రజలకు ఉపయోగపడుచున్నది. సుమారు 69 కిలోమీటర్ల ఆ మార్గము స్తంభములమీద ఎత్తున సాగుచున్నది. ఆ నగరము రాతినేల గనుక పునాదులకు భయములేదని కొందఱందురు. రాతినేలలోను మోసము కలదు. దక్కను ప్రాంతమున పఱుపుబండ ఒకచోట నేలపైననే కనబడును. దాని ప్రక్కనే మెత్తని మట్టి నడుమ ఏనుగంత గుండ్లు మునిగియుండును. బోరు అట్టి గుండుమీద తగిలి ఆగిపోయినచో, పనివాడు అడుగుబండ దొరకినదని వ్రాసికొని పోవును. మఱికొన్ని మీటర్లు తొలిచి చూచినగాని గుండేదో బండేదో తెలియదు. ఆ మార్గమే మూసీనది దాటుచున్నది. 1908 సెప్టెంబరు 28న ఆ నది ఎట్లు పొంగి వేలమందిని పొట్టన బెట్టుకొన్నదో తెలియనివాడు అచ్చట వంతెన ఎత్తును నిర్ణయింప తగడు. కావున వరదల చరిత్రయు సర్వేలో భాగమే.

ఎత్తున పోవు మార్గముకంటె సొరంగమున పోవు మార్గమునకు ప్రమాదము అధికము. మనవా రెందఱో నిత్యము పోయివచ్చు చెన్నైలోని అన్నాసాలైపై 2017 ఏప్రిల్ 9న సొరంగపు పని జరుగుచున్న తావున రోడ్డు క్రుంగి, సిటీ బస్సొకటియు కారొకటియు గోతిలో దిగబడెను. అదృష్టవశమున ప్రాణములు దక్కెను. 2019 ఆగస్టు 31న కలకత్తాలో బౌబజారు క్రింద సొరంగము త్రొలుచు యంత్రము నీరు నిండిన పొరను తాకగా, నీరును బురదయు లోనికి చొరబడి, పైన నేల దిగి, పాత యిండ్లు పగిలి కొన్ని కూలెను. వందలమంది ఇల్లు వాకిళ్లు విడిచి పోవలసివచ్చెను. జర్మనీదేశమున కొలోను నగరమున 2009 మార్చి 3న సొరంగ రైలు పనుల ప్రక్కనున్న నగర పత్రభాండాగారము కూలి ఇద్దఱు మృతిచెందిరి. వేయి సంవత్సరముల పత్రములు మట్టిపాలయ్యెను.

ఆయా తావుల పరీక్షలే జరుగలేదని నే ననను. జరిగినవి. కాని బోరుకు బోరుకు నడుమ పదుల మీటర్ల దూరముండును. ఆ నడుమ నున్నదంతయు ఊహయే. ఊహ తప్పినచోట్లనే గోతులు పడుచున్నవి. అందుచేత పాత యిండ్లు దట్టముగానున్న చోట బోరులు మఱింత దగ్గరగా వేయవలెను. పని ప్రారంభమైన పిదపను యంత్రమునకు ముందు నేలను పరీక్షించుచునే పోవలెను. సర్వే అనునది ఒక పర్యాయము చేసి అటకపై పెట్టు కాగితము కాదు.

పాత కట్టడముల మాట మన యూరివారికి వేఱొకరు చెప్పనక్కఱలేదు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గాలిగోపురము 2010 మే 26న కూలిపోయెను. పగుళ్లు ముందుగానే కనబడుటచే జనులను దూరముగా తొలగించిరి. లేకున్నచో ఏమి జరిగియుండునో తలచుటకే భయమగును. నేటి విద్యార్థులు ఎఱిగినది 2017లో కుంభాభిషేకము జరిగిన క్రొత్త గోపురమును మాత్రమే. దాదాపు ఐదు వందల ఏండ్లు నిలిచినదానికి ఇంకేమి భయమని పెద్దలనేకులు అనుచుండెడివారు. నిలిచిన కాలము బలమునకు సాక్ష్యము కాదు. ముదిమికి సాక్ష్యము కావచ్చును. గోపురము చెంత ఏ రైలును పోలేదు, ఏ సొరంగమును త్రవ్వలేదు. అయినను అది పడెను. అట్టి వృద్ధ కట్టడముల ప్రక్కగా మెట్రో పోవు నగరములలో ప్రతి గోడ పగులును ముందే ఫొటో తీసి, కొలిచి, అడ్డముగా చిన్న గాజు పలక అతికించి, అది చిట్లునేమోనని కనిపెట్టి చూడవలెనా వద్దా? గాజు చిట్లిననాడు పని ఆపు అధికారము ఆ చూచువానికే ఉండవలెనని నేనందును. పై కచేరి యనుమతికై అతడు జాబు వ్రాసి కూర్చుండునంతలో గోడ కూర్చుండును.

ఇక యంత్రములకు తెలియని సంగతులు మనుష్యులకు తెలియును. పూడ్చిన దిగుడుబావి, ఇంటి స్థలములుగా మారిన చెఱువు, ఎవరి పటములోను లేని పాత మురుగుకాలువ, వీనిని రాడారు యంత్రము కొంతవఱకు పసిగట్టును. ఆ వీధి అవ్వ నిస్సందేహముగా చూపును. 1815లో భారతదేశపు తొలి సర్వేయరు జనరలైన మెకంజీ దొరకు దేశభాషలు రావు. అతడు మన తెలుగువారైన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల సాయమున గ్రామగ్రామపు కైఫీయతులను సేకరింపజేసినాడు. రెండు వందల ఏండ్ల క్రిందట తెలిసిన ఈ మార్గమును నేటి వారు విస్మరింపరాదు. సర్వే బృందమున ఇంజనీరు తోడ ఆ పేట భాషయు, ఆ పేట మనుష్యులును తెలిసిన ఒకరిద్దఱుండుట మేలు. పట్టా చేతలేని బండి వర్తకులను, అద్దె కాపురస్థులను లెక్కలో చేర్చుటకును వారే తగుదురు. వట్టి దస్తావేజులు చూచి చేసిన లెక్కలో వీరి పేళ్లు కానరావు.

కాలము వృథా, ధనము వృథా యని ఆక్షేపించువారు కలరు. నేల పరీక్షకగు వ్యయము సాధారణముగా మొత్తము నిర్మాణ వ్యయములో నూటికొక వంతో, అంతకంటె తక్కువయో ఉండును. ఒక్క సొరంగము నీటిపాలైనచో ఎన్ని సంవత్సరములు పని నిలుచునో కలకత్తావారిని అడిగిన చెప్పుదురు. నిజమైన యడ్డంకి ధనము కాదు, తొందర. మార్గము ముందు ప్రకటించి, శంకుస్థాపనము చేసి, పిదప నేలను పరీక్షించు పద్ధతి యొకటి మనలో ప్రబలియున్నది. గీత ఒకసారి పత్రికలకెక్కిన తరువాత, ఇచ్చట నేల బాగులేదు, ప్రక్కకు జరుపుడని చెప్పు ధైర్యము ఏ చిన్న యుద్యోగికి కలుగును?

ఈ మాట నేడే యనుటకు కారణము కలదు. విజయవాడ, విశాఖపట్టణముల మెట్రో ప్రణాళికలకు 2024లో మన రాష్ట్ర ప్రభుత్వము ఆమోదము తెలిపినది. విజయవాడయందు కృష్ణ తెచ్చి పోసిన నల్లమట్టి వానకు ఉబ్బి యెండకు ముడుచుకొనును. దాని నడుమనే ఇంద్రకీలాద్రి వంటి కొండ లేచియున్నది. విశాఖయందు ఒక ప్రక్క కొండలు, ఒక ప్రక్క సముద్రము, నడుమ వానకు కోసికొనిపోవు ఎఱ్ఱమట్టి. ఈ రెండింటను వేసిన ప్రతి బోరు లెక్కయు నగర కార్యాలయమున ఎవరు కోరినను చూచుటకు వీలుగా నుంచవలెనని నా కోరిక. రహస్యమనుటకు అందేమున్నది? ఇల్లు కట్టుకొను సామాన్యునికి, కళాశాల విద్యార్థికి అవి నిధివంటివి.

మన యూరికి మెట్రో రాబోదు, అది నిజము. పూడిన బావులు మాత్రము మనకును కొల్లలు. వేసవి సెలవులలో మన యున్నత తరగతుల బాలబాలికలు ఒక్కొక్క వీధికి ఇద్దఱు చొప్పున పోయి, ముసలివారి నడిగి, ఒక పుస్తకమున నాలుగు గడులు గీసి వ్రాసికొని రావచ్చును: బావి యున్న తావు, చెప్పినవారికి జ్ఞాపకమున్న లోతు, పూడ్చిన సంవత్సరము, దానిపై నేడున్న కట్టడము.